జైసల్మేర్ కోట లోపల బస చేయొచ్చా? – రాయి, నీళ్లు, ఊరు

ఎడారిబాట
డిసెంబరు రెండో వారంలో జైసల్మేర్‌లో మూడు రాత్రులు ఉండాలని ప్లాను. కోట లోపల ఒక చిన్న హోటల్, కోట కింద ఊళ్లో ఇంకొకటి చూసి పెట్టాం. ధరలో పెద్ద తేడా లేదు. లోపలి గది కిటికీలోంచి ఎడారి కనిపిస్తుందట. కానీ "కోటలో దిగొద్దు, కోటకే చేటు" అని చాలాచోట్ల రాస్తున్నారు. నిజంగా అంత ఉందా, లేక ఊరికే చెప్పే నీతులా? కట్టడాల సంగతి తెలిసినవాళ్లు చెప్పగలరు.

సున్నంబట్టీ
నీతి కాదండీ, బరువు లెక్క.

1156లో రావల్ జైసల్ త్రికూట గుట్ట మీద ఈ కోట మొదలుపెట్టాడు. గుట్ట ఎత్తు సుమారు 76 మీటర్లు. 99 బురుజులు అంటారు కదా, వాటిలో 92 చాలా తర్వాత, 1633–1647 మధ్య కట్టినవి. మన గోల్కొండ నిలబడింది గ్రానైట్ గుట్ట మీద. ఎంత వాన కురిసినా పైనుంచి జారిపోతుంది తప్ప రాయి లోపలికి దిగదు. త్రికూట అలాంటిది కాదు. పొరలు పొరలుగా పేరుకున్న మెత్తటి రాయి, మధ్యమధ్య మట్టి పొరలు. ఎండి ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుంది. తడి తగిలితే ఆ మట్టి పొర ఉబ్బుతుంది, జారుతుంది. పైనున్న గోడ బయటికి తోసుకొస్తుంది.

ఇళ్ల సంగతీ అంతే. దూలాలు, వాటి మీద గడ్డి పరుపు, దాని మీద మందంగా మట్టి కప్పు. ఎండను ఆపడానికి ఇంతకంటే మంచి కప్పు లేదు. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడని చోట అది తడిసేదెప్పుడు? హైదరాబాదులో పడేదాంట్లో నాలుగో వంతు వాన అది. అలాంటి కప్పు మీద సిమెంటు ట్యాంకు, దాని పక్కన బాత్‌రూము కట్టారనుకోండి. పైపు జాయింటు దగ్గర బొట్టుబొట్టుగా కారినా మట్టి స్పంజిలా పీల్చుకుంటుంది. బరువు పెరుగుతుంది. దూలం కొన గోడలో దూరిన చోట చెమ్మ నిలిచి కుళ్లుతుంది. కింద నుంచి చూస్తే ఏమీ తెలియదు, ఒకరోజు కప్పు కూలుతుంది.

ఇక లెక్క. పాత రకం ఫ్లష్ ఒకసారి నొక్కితే 10 లీటర్లు. రోజుకు ఐదుసార్లంటే 50. షవరు నిమిషానికి 8 లీటర్ల చొప్పున ఎనిమిది నిమిషాలు, 64. ఒక అతిథికి 114 లీటర్లు, ఇందులో బట్టలు, వంట, దుప్పట్ల ఉతుకు లేవు. పది గదుల్లో ఇరవై మంది దిగితే రోజుకు రెండు టన్నుల పైచిలుకు నీళ్లు గుట్ట మీదికి ఎక్కాలి, మళ్లీ దిగాలి. గడీసర్ చెరువు నుంచి ఆడవాళ్లు కుండలతో మోసుకొచ్చిన కాలంలో ఇంత నీళ్లు ఎవరు వాడారు?

ఎడారిబాట
లోపల మురుగు లైన్లు వేశారని చదివాను. నీళ్లు దిగిపోతే ఇబ్బంది ఏముంది?

సున్నంబట్టీ
దిగిపోతే ఏమీ లేదు. దిగే దారిలోనే ఉంది తిప్పలంతా.

పాతరోజుల్లో వాననీటి కోసం ఘుట్ నాలీ అనే ఏర్పాటు ఉండేది. పడిన నీటిని నిలవనీయకుండా నాలుగు దిక్కులకూ కోట బయటికి తోసేసేది. తర్వాత అడ్డదిడ్డంగా కట్టిన గోడలు, ఎత్తు పెంచిన సందులు ఆ దారుల్ని మూసేశాయి. మురుగు పైపులు పాతింది కదిలే నేలలో. నేల ఒక వేలెడు కుంగినా గట్టి పైపుకు జాయింటు దగ్గర బీట పడుతుంది. పైన రోడ్డు పొడిగానే కనిపిస్తుంది, నీళ్లు మాత్రం పునాదిలోకి పోతుంటాయి. ఇలాంటి లీకును పట్టుకోవాలంటే మ్యాన్‌హోలుకు మ్యాన్‌హోలుకు మధ్య నీళ్లు నింపి, మట్టం పడిపోతోందా అని చూడటమే దారి. సందులు ఆటో కూడా పట్టనంత ఇరుకు, ఆ పని ఎన్నిసార్లు జరుగుతుందో మీరే ఊహించుకోండి.

వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ 1996లోనే దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాల్లో ఒకటిగా యునెస్కో జాబితాకెక్కింది. 2024 ఆగస్టు వానలకు శివ్ మార్గ్ వైపు గోడ కొంత భాగం కూలింది. బిరుదు వచ్చినంత మాత్రాన చెమ్మ ఆగదు కదా.

కోటగుమ్మం
సున్నంబట్టీ గారి లెక్క సరే. కానీ తప్పంతా హోటళ్ల మీదికి తోసేయడం సులువు. ఇది బతికున్న కోట. కొన్ని వేల మంది తరతరాలుగా లోపలే కాపురం ఉంటున్నారు. వాళ్లకు కుళాయి వద్దు, మరుగుదొడ్డి వద్దు అని చెప్పే హక్కు మనకు ఎక్కడిది?

ఇంకో మెలిక ఉంది. కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతుకు కూడా అనుమతి కావాలి. అనుమతి ఆలస్యమయ్యేకొద్దీ ఇంటివాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు తెచ్చి పూసేసుకుంటారు. అదే అసలు చేటు. సక్రమంగా చేయించుకునే దారి కష్టంగా, దొంగచాటుగా చేసే దారి తేలికగా ఉంటే జనం ఏ దారిన పోతారు?

లోపల పగలంతా తిరగండి, టీ తాగండి, అంగళ్లలో కొనండి. వాళ్ల బతుకుతెరువు దెబ్బతినదు. స్నానం, నిద్ర కింద ఊళ్లో పెట్టుకోండి. అంతకంటే పెద్ద త్యాగమేమీ అక్కర్లేదు. కింద ఉంటే ఇంకో లాభం, కోట మొత్తం కనిపిస్తుంది. కోటలో ఉన్నవాడికి కోట కనిపించదు!

గవ్వరాయి
అందరూ "పసుపు ఇసుకరాయి" అని రాసేస్తుంటారు, ఆ మాట సరిచేయాలి. ఆ ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రంలో ఒక పొర ఉంది, జైసల్మేర్ ఫార్మేషన్. జురాసిక్ కాలంలో అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. గవ్వలూ చిప్పలూ పేరుకుని ఏర్పడిన సున్నపురాయి పొరలు అందులో చాలా ఉన్నాయి, ఇసుక పాలు ఎక్కువున్నవీ ఉన్నాయి. మీకు తెలిసిన తాండూరు, బేతంచెర్ల బండలు కూడా సున్నపురాళ్లే, వయసులో మాత్రం వాటికి వీటికి పోలికే లేదు. అవి ఇంకా ఎంతో పాతవి.

తేడా తెలుసుకోవడం తేలిక. అంగట్లో ఒక పెచ్చు అడిగి తీసుకుని, మేకుతో గీకి కాస్త పొడి రాల్చండి. దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేయండి. బుడగలు వస్తే సున్నపురాయి. (కట్టడాల మీద ఈ ప్రయోగం చేయొద్దు, పట్టుకుంటే జరిమానా, పట్టుకోకపోతే మచ్చ.)

ఇదెందుకంటే, ఆ రాయి పలకలు తెప్పించి ఇంట్లో వేయించుకునేవాళ్లు మనవైపు కూడా ఉన్నారు. వంటింటి గట్టు మీద వేయించొద్దు. చింతపండు పులుసు ఒలికిందంటే మెరుపు పోయి తెల్లటి మరక దిగుతుంది. బాత్‌రూములో యాసిడ్ పోసి కడిగితే ఏడాదిలో గరుకు తేలుతుంది. కడగాలంటే మామూలు నీళ్లు, గాఢత తక్కువున్న సబ్బు, మెత్తటి బ్రష్షు, అంతే.

ఫాసిల్స్ మీద ఆసక్తి ఉంటే బాడ్మేర్ రోడ్డులో 17 కిలోమీటర్ల దూరాన ఆకల్ ఉంది. దాదాపు 18 కోట్ల ఏళ్ల నాటి చెట్ల మానులు రాయిగా మారి ఆరుబయట పడున్నాయి. జనం పెద్దగా రారు. పొద్దున్నే వెళ్లండి, నీడ లేదు.

సున్నంబట్టీ
గవ్వరాయి గారికి థాంక్స్, నేను కూడా అలవాటుకొద్దీ ఇసుకరాయి అనేస్తుంటాను. మరమ్మతులో ఎక్కువగా జరిగే తప్పు కూడా ఇక్కడే రాసేస్తా.

రాయి మెత్తన, సిమెంటు గట్టి. రెండు రాళ్ల సందులో సిమెంటు కూరితే రాయిలోని చెమ్మకు బయటపడే దారి మూసుకుపోతుంది. ఆ చెమ్మ రాయి మొహం లోంచే ఆరాలి. ఆరేటప్పుడు అందులోని ఉప్పు చర్మం వెనకాలే పేరుకుని స్ఫటికమై ఉబ్బుతుంది. పై పొర పెచ్చులుగా ఊడుతుంది. సిమెంటు గీతలు మాత్రం పక్కటెముకల్లా పైకి తేలి అలాగే ఉంటాయి. కోట సందుల్లో నడిచేటప్పుడు మోకాలి ఎత్తు దాకా గోడలు గమనించండి, కనిపిస్తుంది.

సరైన పద్ధతి: పాత సిమెంటును ఉలితో నెమ్మదిగా తీయాలి, గ్రైండరు పెడితే రాయి అంచు పోతుంది. ఉప్పు బాగా ఉంటే కాగితపు గుజ్జును మంచినీళ్లలో తడిపి గోడకు మెత్తి, ఆరాక ఊడదీయాలి. ఒకసారితో పోదు, రెండు మూడుసార్లు చేయాలి. తర్వాత బాగా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక రెండున్నర మూడు పాళ్లు, ఇసుకలో కొంత బదులు ఇటుక పొడి. ముందు సందును తడపాలి, లేకపోతే పొడి రాయి సున్నంలో నీళ్లు లాగేసి అది పిండిలా రాలిపోతుంది. ఒక దఫాకు వేలి మందం కన్నా ఎక్కువ పెట్టొద్దు. తడి గోనెలు కట్టి కనీసం పది రోజులు ఆరకుండా చూడాలి. జైసల్మేర్‌లో ఎక్కువగా దెబ్బతినేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. వేడి గాలికి గోనె గంటలో ఎండిపోతుంది, మేస్త్రీ సాయంత్రం దాకా ఇటు చూడడు.

ఎడారిబాట
హవేలీల్లో (పాత వ్యాపారుల పెద్ద ఇళ్లు) ఏది వదలకూడదు? అన్నీ చూస్తే చివరికి అన్నీ ఒకటే అనిపిస్తాయని భయం.

కోటగుమ్మం
మూడు చాలు. పట్వోం కీ హవేలీ ఒక్క ఇల్లు కాదు, వరసగా ఐదు. జరీ, బంగారు దారాల వ్యాపారం చేసిన గుమాన్ చంద్ పట్వా కుటుంబం 1805లో మొదలుపెట్టి అయిదుగురు కొడుకుల కోసం దశాబ్దాల పాటు కట్టించింది. సాలిం సింగ్ హవేలీలో కింద అంతా సన్నగా, పైన వెడల్పుగా ఉంటుంది. 38 బాల్కనీలు, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. నథ్మల్ హవేలీ 1885 నాటిది. హాథీ, లాలూ అనే అన్నదమ్ములు కుడి సగం ఒకరు, ఎడమ సగం ఒకరు చెక్కారు. దూరం నుంచి చూస్తే రెండు వైపులూ ఒకటే. దగ్గరికెళ్లి ఒక పువ్వు కుడివైపు చూసి, అదే చోటు ఎడమవైపు చూడండి.

చెక్కడాలు అందం కోసమే అనుకోవద్దు. ముందుకు తోసుకొచ్చిన ఝరోఖా (కప్పున్న బాల్కనీ) కింది గోడకు నీడ. జాలీ (రాతి జల్లెడ తెర) రంధ్రాలు ఎండను ముక్కలు చేసి గాలిని లోపలికి పంపుతాయి. చెక్కడంతో గరుకైన గోడ తన మీద తానే నీడ వేసుకుంటుంది. 45 డిగ్రీల ఊళ్లో మధ్యాహ్నం లోపలికి అడుగుపెడితే తేడా ఒంటికే తెలుస్తుంది.

ఇంత సొమ్ము ఎక్కడిదంటే సింధ్ వైపు ఒంటెల బాట. బొంబాయి రేవు, రైళ్లు వచ్చి దాన్ని సగం చంపాయి, 1947లో సరిహద్దు పూర్తిగా మూసేసింది. పట్వాల లాంటి ఇళ్లు ఖాళీగా మిగలడం వెనక ఉన్నది ఇదే.

తాళపత్రం
కోట లోపలి జైన దేవాలయాలు ఏడు, 12 నుంచి 16వ శతాబ్దం మధ్యవి. ఇతరులను పొద్దున పూటే రానిస్తారు, కాబట్టి మొదటి రోజు పొద్దున్నే అక్కడికే వెళ్లండి. తోలు బెల్టు, తోలు పర్సు బయట వదలాలి.

సంభవనాథ ఆలయం కింది జ్ఞాన భండార్ గురించి ఎవరూ రాయలేదే! 15వ శతాబ్దంలో జినభద్ర సూరి ఏర్పరచిన గ్రంథాలయం. 1874లో జర్మన్ పండితులు బ్యూలర్, యాకోబీ వచ్చి చూశారు. ముని పుణ్యవిజయ్‌జీ 1950 ప్రాంతంలో ఇక్కడే మకాం పెట్టి ప్రతులన్నీ సర్ది జాబితా తయారుచేశారు. పొడి గాలి, నేలమాళిగ, జనం రాని ఎడారి, మూడూ కలిసి ఆ తాటాకు ప్రతుల్ని కాపాడాయి. మన దగ్గర అయితే చెమ్మా చెదలూ వదిలిపెట్టేవి కావు.

తెలుగువాళ్లు గమనించాల్సింది ఒకటుంది. మన తాటాకు మీద గంటంతో గీసి, తర్వాత మసి పూసి తుడుస్తారు. గీత ఆకులోకి దిగుతుంది. పశ్చిమ భారత జైన ప్రతుల్లో గీయరు, సిరాతో కలం పట్టి ఆకు మీద రాస్తారు. అందుకే అక్కడి అక్షరాలకు నిలువూ అడ్డం గీతలు ధాటిగా ఉంటాయి. గంటంతో అడ్డగీత గట్టిగా గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది, మన అక్షరాలు గుండ్రంగా రావడానికి అదీ ఒక కారణమంటారు. ప్రదర్శనలో పెట్టేవి కొన్నే, కానీ ఈ ఒక్క తేడా చూడటానికైనా ఆగండి.

చెరువుకట్ట
అందరు కోటనే పట్టుకున్నరు. ఆ ఊరిని బతికించింది కోట కాదు, నీళ్ల పని.

గడీసర్ 14వ శతాబ్దంలో మహారావల్ గడ్సీ కాలంల తవ్వించిన చెరువు. ఊరికి తాగే నీళ్లు వందల ఏండ్లు అదే. నీళ్లు దిగొచ్చే నేలను 'ఆగోర్' అంటరు, మనం పరీవాహకం అంటం. అక్కడ చెప్పులు వేసుకొని తిరుగుడు, పశువుల తోలుడు నడవకపోయేది. చెరువు శుభ్రం కావాలంటే చెరువుల కాదు, పైన మొదలుపెట్టాలన్న తెలివి అది. ఇప్పుడు నిండుగ కనిపిస్తున్నదంటే ఇందిరాగాంధీ కాలువ నీళ్లు కలుస్తున్నయి. వాన నీళ్లే అనుకొని మోసపోకండి.

ఇంకా చూడాల్సింది ఖడీన్. పాలీవాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దంల మొదలుపెట్టిన సాగు. మన శిఖం సాగు (చెరువు నీళ్లు తీసినంక ఆ అడుగు నేలల చేసే సాగు) తెలిసినోళ్లకు రెండు మాటల్ల అర్థమైతది. రాతి దిబ్బల మీద పడ్డ వాన ఏటవాలుగ దిగే చోట, పల్లానికి అడ్డం మట్టి కట్ట పోస్తరు. ఎత్తు ఒకటిన్నర నుంచి మూడు మీటర్లు, పొడుగు వందల మీటర్లు. కొసకు ఎక్కువైన నీళ్లు పోయేటందుకు మత్తడి ఉంటది, అడుగున తూము ఉంటది. ఒక ఎకరం ఖడీన్‌కు పైన పది పదిహేను ఎకరాల పారుదల నేల కావాలె, లేకుంటే నిండది. ఆషాఢ శ్రావణాల నీళ్లు నిలుస్తయి, నేల తాగుతది. మిగిలింది తూము తీసి వదిలి, చలికాలం మొదట్ల గోధుమలో శనగలో చల్లుతరు. తర్వాత ఒక్క తడి కూడ పెట్టరు. నిలిచిన నీళ్లు ఉప్పును కిందికి తోస్తయి, కొట్టుకొచ్చిన ఒండ్రు ఎరువైతది.

చెడేది ఎక్కడంటే, మత్తడి మట్టం కట్ట కంటే తగినంత తక్కువ లేకుంటే ఒక్క గట్టి వానకే కట్ట తెగుతది. పైన పారుదల నేలల కొత్తగ రోడ్డు వేస్తే నీళ్లు దారి మళ్లుతయి, కట్ట ఎంత మంచిగున్నా ఖడీన్ ఎండుతది.

రాంగఢ్ దిక్కు కుయీలు కూడ ఉన్నయి. ఇసుక కింద జిప్సమో, గట్టి బంకమట్టో పొర ఉన్న చోట వాన నీళ్లు ఆ పొర మీద ఆగుతయి, కిందున్న ఉప్పునీళ్లల కలువయి. మనిషి పట్టేంత సన్నం బాయి తవ్వి, ఆ పొర మీదనే ఆపుతరు. జర ఆశపడి ఇంకొంచెం లోతుకు పోయిండ్రా, పొర పగిలి తియ్యనీళ్లు మొత్తం కిందికి పోతయి.

ఎడారిబాట
కుల్‌ధరా అంటే దయ్యాల ఊరని వీడియోలు ఉన్నాయి. వెళ్లాలా?

చెరువుకట్ట
దయ్యం లేదు, నీళ్లు లేవు. 19వ శతాబ్దం మొదట్ల పాలీవాళ్లు విడిచిపోయిన్రు. దివాన్ సాలిం సింగ్ ఆగడాలకు ఒక్క రాత్రిల 84 ఊళ్లు లేచిపోయినయని కథ. పన్నుల పీడ, బావులెండుడు కలిసి మెల్లమెల్లగ ఖాళీ అయిందనేది ఎక్కువ నమ్మదగ్గ మాట. పోతే ఇండ్ల వరుస, సందుల వెడల్పు, వాకిలి పక్కన బండ్లు నిలిపే చోటు చూడండి. సామ్ దిబ్బల తొవ్వలనే పడుతది.

బట్టమేక
సామ్ వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ పక్కనే 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కు. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఏ పిట్ట కోసం పెట్టారో ఆ బట్టమేక పిట్టకు ఇప్పుడు ప్రధానంగా మిగిలిన చోటు ఇదే. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనిపించదు, హైటెన్షన్ తీగలకు తగిలి చస్తుంది. గాలిమరలు, సోలారు లైన్లు పెరిగేకొద్దీ ఇది ముదిరింది. 2021లో సుప్రీంకోర్టు తీగలు భూమిలోంచి వేయమంది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. మీరు చేయగలిగింది చిన్నదే. దిబ్బల మీద జీపు పందేలు, రాత్రి డీజే ఉన్న క్యాంపు తీసుకోవద్దు.

జమ్మికొమ్మ
భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదు. కేర్ సాంగ్రీ కూర తినకుండా రావద్దు. కేర్ అంటే ఎడారి పొదకు కాసే చిన్న కాయలు. సాంగ్రీ అంటే వేరేదేదో కాదు, దసరాకు మనం మొక్కే జమ్మిచెట్టు కాయలే. మనం ఆకు పంచుకుంటాం, వాళ్లు కాయ వండుకుంటారు. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఒకటే మరి.

ఎండువి కొనుక్కొచ్చి ఇంట్లో వండేవాళ్లకు: సాంగ్రీ ఒక కప్పు, కేర్ పావు కప్పు. విడివిడిగా రాత్రంతా నానబెట్టాలి. కేర్ నీళ్లు మూడు నాలుగుసార్లు మార్చాలి, మజ్జిగలో నానబెడితే ఇంకా మంచిది. ఇక్కడ తొందరపడితే కూర మొత్తం చేదు. తర్వాత ఉప్పు, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి వార్చేయాలి. నూనె కాస్త ఎక్కువే పోసి జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, ధనియాల పొడి, కారం, ఆమ్‌చూర్. పోపులో నీళ్లు పోయొద్దు. నీళ్లు తగలకపోతే రెండు మూడు రోజులు నిలవ ఉంటుంది, ప్రయాణపు కూర అది. కొనేటప్పుడు సన్నగా, ముదురు గోధుమ రంగులో ఉన్న సాంగ్రీ తీసుకోండి. లావుగా గింజ తేలినవి పీచుగా ఉంటాయి.

ఎడారిబాట
అందరికీ చాలా థాంక్స్. కింద ఊళ్లోనే గది తీసుకుంటున్నాం. ఇలా అనుకుంటున్నాం: మొదటి రోజు పొద్దున జైన ఆలయాలు, కోట, సాయంత్రం గడీసర్. రెండో రోజు హవేలీలు, మధ్యాహ్నం నుంచి కుల్‌ధరా, సామ్. మూడో రోజు సరిహద్దు వైపు తనోట్, లోంగేవాలా. అమెరికా నుంచి వచ్చే మా అన్నయ్యకు అక్కడి పాస్‌పోర్టు ఉంది, ఏమైనా ఇబ్బందా?

కోటగుమ్మం
ఉంది. ఊరు, సామ్, కుల్‌ధరా వరకు ఫర్వాలేదు. సరిహద్దు వైపు రక్షిత ప్రాంతానికి విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ముందస్తు అనుమతి కావాలి. తనోట్ బయల్దేరే ముందు జిల్లా కలెక్టరు కార్యాలయంలో కనుక్కోండి, హోటల్‌వాడి మాట మీద వెళ్లొద్దు. అనుమతి రాకపోతే ఆ పూట లోద్రవా పెట్టుకోండి. జైసల్మేర్‌కు ముందు రాజధాని అదే, ఊరికి 15 కిలోమీటర్లు. పార్శ్వనాథ ఆలయ తోరణం ఒక్కటే చాలు, వచ్చే దారిలో బడా బాగ్ ఛత్రీలు (రాజుల స్మారక మంటపాలు). మరో మాట, డిసెంబరు రాత్రి సామ్‌లో చలి గట్టిగా ఉంటుంది. పగటి ఎండ చూసి స్వెట్టర్లు గదిలో వదిలేయకండి.

సున్నంబట్టీ
గది తీసుకునేటప్పుడు బకెట్, మగ్గు ఉన్నాయా అని కూడా అడగండి. కింద ఊళ్లో ఉన్నా తాగేది ఆ ఇందిరాగాంధీ కాలువ నీళ్లే.